ప్లేటు ఎక్కకముందే



దగ్గర్లో కాగితం ఉంటే నాగర్‌కర్నూల్ అనే పేరు ఒకసారి రాసి చూడండి. ఆ పేరులో పొల్లు 'ర్' రెండుసార్లు వస్తుంది. మొదటిది విడిగా నిలబడాలి. నాగర్ వేరు, కర్నూల్ వేరు కాబట్టి దాని కింద ఏ వత్తూ పడకూడదు. రెండో దానికి మాత్రం కింద న వత్తు పడి తీరాలి. చేత్తో రాసేటప్పుడు మనం ఈ సంగతి తలచుకోం, చెయ్యే రాసుకుంటూ పోతుంది. కంప్యూటర్‌కు మాత్రం చెప్పాలి. చెప్పకపోతే అది మొదటి 'ర' కింద క వత్తు తగిలిస్తుంది. చదివేవాడికి అక్కడ నోరు తిరగదు.

కొన్నేండ్ల కింద ఒక బడి వార్షికోత్సవానికి వేసిన రెండు వేల కరపత్రాల మీద ఊరి పేరు అట్లాగే పడింది. ఆ ఫైలు తయారుచేసింది నేనే. రాత్రి పదకొండింటికి ప్రెస్‌కు పంపాను. తెల్లారేసరికి అచ్చయి, కటింగయి, కట్టలు కట్టి వచ్చాయి. పిల్లలు ఊరంతా పంచారు. సాయంత్రం ఒక పెద్ద పంతులుగారు కరపత్రం మడతపెట్టి జేబులో పెట్టుకొని వచ్చి, నా ముందు విప్పి, ఆ అక్షరం కింద వేలు పెట్టి, "మన ఊరి పేరు మనమే సరిగ్గ అచ్చేసుకోకుంటే ఎట్ల నాయనా" అన్నారు. ఆ మాట నేను మరిచిపోలేదు. అందుకే ఈ రోజు మీతో అచ్చుపని గురించి మాట్లాడుతున్నాను. ప్రెస్‌కు వెళ్లకముందు మనం చేసుకోవలసిన పని గురించి మాట్లాడుతున్నాను. ఎందుకంటే మెషిన్‌మన్ మీరిచ్చిందే అచ్చేస్తాడు. తప్పు ఇస్తే వెయ్యిసార్లు, రెండువేలసార్లు, ఒక్క చుక్క తేడా లేకుండా ఆ తప్పునే అచ్చేస్తాడు.

ముందుగా ఆ వత్తు ఎందుకట్లా పడిందో చెప్తాను. మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలోనే కాదు, తెలుగువాళ్లున్న ప్రతి పట్నంలో డీటీపీ సెంటర్లు ఏండ్ల తరబడి నడిచింది పేజ్‌మేకర్, అను ఫాంట్ల మీద. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్, 7.0, 2001లో వచ్చింది. ఆ తర్వాత దాన్ని చేసిన కంపెనీయే దాన్ని వదిలేసింది. అయినా మన ఆపరేటర్ల వేళ్లు ఆ కీబోర్డుకే అలవాటుపడ్డాయి, ఇప్పటికీ ఆ జతతోనే పని చేసే సెంటర్లున్నాయి. అను ఫాంట్లలో తెలుగు అక్షరం కంప్యూటర్ దృష్టిలో తెలుగు కాదు. ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు ఉండే గళ్లలో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. అందుకే ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు కనిపిస్తాయి. మీ ఫోన్లో మీరు వాట్సాప్‌లో రాసే తెలుగు యూనికోడ్. అందులో తెలుగు అక్షరాలకు సొంత స్థానం ఉంది, 1991లో వచ్చిన మొదటి యూనికోడ్ ప్రమాణంలోనే ఉంది. పొల్లు పక్కన హల్లు వస్తే దాన్ని వత్తుగా మార్చడం యూనికోడ్ పద్ధతి. మార్చవద్దని చెప్పడానికి మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు పెట్టాలి. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అనులోంచి యూనికోడ్‌కు, యూనికోడ్‌లోంచి అనుకు మార్చే కన్వర్టర్లున్నాయి. వాటిలో వేసి తీసినప్పుడు ఆ కనిపించని గుర్తు జారిపోవచ్చు. నాగర్‌కర్నూల్‌కు పట్టిన గతే మహబూబ్‌నగర్‌కూ పడుతుంది, 'బ' కింద న వత్తు వేలాడుతుంది.

కాబట్టి మీరు ఫోన్లో కొట్టుకున్న మాటర్‌ను డీటీపీలో ఇచ్చి, అతను దాన్ని కన్వర్ట్ చేసి పేజీ కడితే, మళ్లీ మొదటి అక్షరం నుంచి చదవాల్సిందే. "నేను ఇచ్చినప్పుడు బాగానే ఉండె" అనే మాట అక్కడ పనికిరాదు. పొల్లులు, వత్తులు, కొటేషన్ గుర్తులు, అంకెలు, ఈ నాలుగూ ప్రత్యేకంగా చూడండి. ఇక యూనికోడ్‌లోనే పేజీ కట్టే వాళ్లకు ఒక మాట. ఇన్‌డిజైన్‌లో అయితే వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టుకోవాలి. ఫొటోషాప్, ఇల్లస్ట్రేటర్‌లలో దక్షిణాసియా భాషలకు ఇచ్చిన ఆప్షన్ ఎంచుకోవాలి. లేకపోతే గద్వాల అనే మాటలో ద పక్కన పొల్లు వేరుగా, వ వేరుగా విడివిడిగా పడతాయి. పూర్వం పండితులు విద్వద్గద్వాల అని పిలుచుకున్న ఊరది. ఆ పేరులోని వత్తులు చెదిరిన ఫ్లెక్సీ చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఈ నేలకు అచ్చుతో ఉన్న చుట్టరికం ఇవ్వాళ్టిది కాదు. 1913లోనే పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ నుంచి హితబోధిని అనే తెలుగు పత్రిక వెలువడింది. సురవరం ప్రతాపరెడ్డిగారు పుట్టిన బోరవెల్లి ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. ఆయన 1926 మే 10న హైదరాబాదులో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఒక్కసారి ఆలోచించండి. సీసపు అక్షరాలను గళ్ల పెట్టెలోంచి ఒక్కొక్కటి ఏరి, తలకిందులుగా పేర్చే రోజులవి. అక్షరానికి ఒక అచ్చు, గుణింతానికి ఒక అచ్చు, వత్తుకు ఒక అచ్చు. ఊరూరి నుంచి వచ్చిన 354 మంది పేర్లు, ఊళ్లు, పద్యాలు అట్లా కూర్చి, ప్రూఫులు దిద్ది, పుస్తకంగా తెచ్చారు. సంపాదకీయం రాసిన చేత్తోనే ప్రతాపరెడ్డిగారు ప్రూఫులూ చూసుకునేవారని చెప్తారు. ఆ తర్వాత 1952 ఎన్నికల్లో వనపర్తి ప్రజలు ఆయన్ను శాసనసభకు పంపారు. అదే వనపర్తి సంస్థాన వంశంలోని జె. రామేశ్వరరావుగారు, పాలమూరు నుంచి లోక్‌సభకు ఎన్నికైనవారు, ఓరియంట్ లాంగ్‌మన్ అనే పెద్ద ప్రచురణ సంస్థను నడిపారు. ఇంకో మాట. సిలికానాంధ్ర అనే సంస్థ తీసుకొచ్చిన తెలుగు యూనికోడ్ ఫాంట్లలో ఒకదాని పేరు సురవరం. వార్తాపత్రికల వాడకాన్ని దృష్టిలో పెట్టుకొని చేసిన ఫాంట్ అది, గూగుల్ ఫాంట్లలో ఉచితంగా దొరుకుతుంది. బోరవెల్లిలో పుట్టిన మనిషి పేరు ఇప్పుడు అక్షరానికే పేరైంది. మన డీటీపీ సెంటర్లలో దాన్ని వాడితే బాగుంటుందని నా కోరిక.

ఇప్పుడు ఆర్డర్ ఇచ్చే సంగతికి వద్దాం. మన దగ్గర ఎక్కువగా నడిచేది పెండ్లి పత్రికల పని. షాపులో ఆల్బమ్ తిప్పి మనం ఎంచుకునే కార్డు మీద బొమ్మ, డిజైన్ ముందే అచ్చయి ఉంటాయి. శివకాశి లాంటి చోట్ల వేలల్లో వేసి పంపుతారు. మన ఊర్లో పడేది దాని మీది మాటర్ మాత్రమే. అందువల్ల కార్డులు ఓ ఇరవై ముప్ఫై ఎక్కువే తీసుకోండి. తర్వాత చాలకపోతే ఆ డిజైన్ మళ్లీ దొరుకుతుందన్న నమ్మకం లేదు.

మాటర్ దగ్గర జరిగే పొరపాటు ఏమిటంటే, ఆపరేటర్ ఖాళీ పేజీతో మొదలుపెట్టడు. పోయిన సీజన్‌లో వేసిన వేరేవాళ్ల పత్రిక ఫైలు తెరిచి, పేర్లు మారుస్తాడు. అది తప్పు కాదు, పని తొందరగా అవుతుంది. కాని పాతవాళ్ల ఫోన్ నంబరో, ఫంక్షన్ హాలు పేరో, ఎక్కడో కింద చిన్నక్షరాల్లో మిగిలిపోతుంది. 2016 అక్టోబర్ 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఏర్పడ్డాయి. ఆ తర్వాత చాలా కాలం వనపర్తి, మహబూబ్‌నగర్ జిల్లా అని రాసి ఉన్న బిల్ బుక్కులు, లెటర్‌హెడ్లు అట్లనే మళ్లీ మళ్లీ అచ్చయ్యాయి. కారణం ఒక్కటే, పాత ఫైలు. మండలం మారిన ఊళ్లవాళ్లు మరీ జాగ్రత్తగా చూసుకోవాలి.

ఇక ముహూర్తం. ఇది చాలా ఇండ్లల్లో తికమక పెట్టే విషయం కాబట్టి కొంచెం నిలబడి చెప్తాను. అయ్యగారు లగ్నం రాసిస్తూ బుధవారం రాత్రి 2 గంటల 35 నిమిషాలు అని రాస్తారు. మన లెక్కలో వారం సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా. కాబట్టి ఆయన రాసింది సరైనదే. గోడ మీది క్యాలెండర్‌లో మాత్రం అర్ధరాత్రి పన్నెండు దాటగానే గురువారం, తేదీ కూడా మారిపోయింది. పూనా నుంచో, బొంబాయి నుంచో పని వదులుకొని బస్సెక్కి వచ్చే చుట్టం ఏ రోజుకు రావాలి? పత్రికలో గురువారం తేదీ వేసి రాత్రి 2-35 అని రాస్తే, అతను గురువారం సాయంత్రం దిగుతాడు, అప్పటికి అప్పగింతలు కూడా అయిపోయి ఉంటాయి. అందుకే పెద్దలు 'బుధవారం రాత్రి 2-35 గంటలకు, తెల్లవారితే గురువారం' అని రాయిస్తారు. ఆ 'తెల్లవారితే' అన్న మాటను స్థలం చాలడం లేదని ఎవరైనా తీసేస్తామంటే ఒప్పుకోకండి. విందు ఏ రోజు, ఏ పూట అన్నది వేరే లైనులో వేయించండి. తేదీ, వారం, తిథి మూడూ పంచాంగం ఎదురుగా పెట్టుకొని సరిచూసుకోండి.

మల్టీకలర్ పని అనగానే మన ఫైళ్లు చాలావరకు కర్నూలుకో హైదరాబాదుకో పోతాయి, కట్టలు పార్శిల్‌లో వస్తాయి. ఆఫ్‌సెట్ మెషిన్ మీద వంద కాపీలు వేసినా వెయ్యి వేసినా ప్లేట్ల ఖర్చు, మెషిన్ సర్దే పని ఒక్కటే. అందుకే వందకు, వెయ్యికి ధరలో అంత తేడా కనిపించదు. యాభై అరవై కాపీలే కావాలంటే డిజిటల్ ప్రింట్ చూసుకోండి. రంగుల విషయంలో గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, ఫోన్ తెర వెలుతురుతో రంగు చూపిస్తుంది, కాగితం సిరాతో చూపిస్తుంది. ప్రెస్‌లో ఉండేవి నాలుగు సిరాలే: సయాన్, మెజెంటా, పసుపు, నలుపు. తెర మీద మెరిసే చిలకపచ్చ కాగితం మీద కొంచెం చప్పగానే వస్తుంది. ముదురు నీలంలో మెజెంటా పాలు ఎక్కువైతే ఊదా అయి కూర్చుంటుంది.

గద్వాల చీరలు అమ్మేవాళ్లు క్యాటలాగ్ వేయించినప్పుడు ఈ బాధ ఎక్కువ పడతారు. జరీ అనేది వెలుతురును తిప్పి కొట్టే దారం. నాలుగు సిరాలు కలిపి దాన్ని తేలేం. కాగితం మీద అది పసుపు కలిసిన గోధుమ రంగుగానే పడుతుంది. కవరు మీద పేరైనా మెరవాలనుకుంటే బంగారు ఫాయిల్ వేయించాలి, దానికి వేరే ఖర్చు. చీర ఒంటి రంగు మాత్రం దగ్గర దగ్గరగా తేవచ్చు. ఫొటో ఒక్కటే పంపకండి, ఆ రంగు నూలు నాలుగు పోగులు తీసుకొని స్వయంగా వెళ్లండి. పగటి వెలుతురులో ప్రూఫు పక్కన పెట్టి చూడండి, ట్యూబ్‌లైటు కింద చూసి సరే అనకండి.

చీరల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. గద్వాల నేతలో కుప్పడం అంటారు. ఒంటి నూలుపోగును, అంచు పట్టుపోగును ప్రతి వరుసలోనూ ఒకదాన్నొకటి పట్టించి నేస్తారు. ఒక్క పోగు జారినా అంచు వెంబడి కనిపిస్తుంది. నాలుగు రంగుల అచ్చు కూడా అంతే. నాలుగు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి కదలకుండా కూర్చోవాలి. పెద్ద బొమ్మలో కొంచెం కదిలినా కన్ను క్షమిస్తుంది, చిన్న అక్షరంలో క్షమించదు. అందుకే చదవవలసిన మాటర్ అంతా ఒక్క నలుపు సిరాలోనే ఉండాలి. కోరల్‌డ్రాలో చూడటానికి నల్లగా కనిపించే అక్షరం లోపల నాలుగు రంగుల కలయిక అయి ఉండవచ్చు. అది అచ్చులో నీడ పడ్డట్టు మసకగా వస్తుంది. మన వత్తులు అసలే చిన్నవి, ఆ మసకలో కలిసిపోతాయి. ఫైలు పంపేముందు ఆపరేటర్‌ను ఇది చూడమని అడగండి. సీఎంవైకేలో నలుపు నూరు, మిగతా మూడూ సున్నా ఉండాలి.

ఫొటోల గురించి ఎక్కువ చెప్పను. అంగుళానికి 300 చుక్కలు ఉండాలన్నది లెక్క. ఏ4 పేజీ నిండా పడాలంటే ఫొటో 2480, 3508 పిక్సెళ్లు ఉండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది ఫొటోను కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపండి. ఫ్లెక్సీకి ఇంత అవసరం లేదు, దూరం నుంచి చూస్తాం కాబట్టి. రంగు అంచుదాకా పోవాలంటే నాలుగువైపులా 3 మిల్లీమీటర్లు బయటికి వదలండి. అక్షరాలను మాత్రం అంచుకు దూరంగా ఉంచండి, కత్తెర దయాదాక్షిణ్యాలకు వదిలిపెట్టకండి. ఫైలు పీడీఎఫ్ చేసేటప్పుడు ఫాంట్లు లోపల ఇమిడి ఉన్నాయో లేదో చూసుకోవాలి. కోరల్‌లో అయితే అక్షరాలను కర్వ్‌లుగా మార్చి పంపుతారు. మార్చేముందు ఒక కాపీ విడిగా దాచుకోవాలి, కర్వ్‌లయ్యాక అక్షరం దిద్దలేం.

పుస్తకాలు వేయించుకునేవాళ్లకు కొంచెం వివరంగా చెప్పాలి. నాగర్‌కర్నూల్‌లో కపిలవాయి లింగమూర్తిగారు ఒక్క మనిషే పాలమూరు గుళ్ల గురించి, ఊళ్ల గురించి డజన్ల కొద్దీ పుస్తకాలు రాశారు. ఆయన బాటలో రిటైరైన పంతుళ్లు, కవులు తమ ఊరి చరిత్రో, శతకమో రాసి సొంత డబ్బుతో అచ్చేస్తున్నారు. పింఛను డబ్బు అది, వృథా కాకూడదు. మన దగ్గర ఎక్కువ పుస్తకాలు డెమీలో ఎనిమిదో వంతు సైజులో వస్తాయి. ఒక డెమీ షీటు రెండువైపులా కలిపి 16 పేజీలు. దీన్నే ఫారం అంటారు. మీ పుస్తకం 96 పేజీలయితే సరిగ్గా ఆరు ఫారాలు. 100 పేజీలయితే ఆరు ఫారాల మీద నాలుగు పేజీలు మిగిలి, వాటికోసం మళ్లీ ప్లేటు, మళ్లీ మెషిన్. ఒక ముందుమాట తగ్గించో, ఖాళీ పేజీలు సర్దో 96కు తెచ్చుకోవచ్చు, లేదా ఇంకా రాయాల్సింది ఉంటే 112కు పెంచుకోవచ్చు. పేజీలు కట్టకముందే ఈ లెక్క మాట్లాడుకోండి.

కాగితం లెక్క కూడా మీకు తెలిసి ఉండాలి. 96 పేజీల పుస్తకం వెయ్యి కాపీలకు 23, 36 అంగుళాల డబుల్ డెమీ షీట్లు మూడు వేలు, అంటే ఆరు రీములు కావాలి. మెషిన్ సర్దేటప్పుడు పోయే షీట్లు దీనికి అదనం. జీఎస్‌ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములుంటుందన్న లెక్క. 70 జీఎస్‌ఎం మాప్‌లితో రకం కాగితమైతే ఈ సైజు రీము దాదాపు 18.7 కిలోలు తూగుతుంది. 60 అయితే 16 కిలోలే. అనుమానం ఉంటే కాటా మీద పెట్టి చూడవచ్చు. కొటేషన్ రాయించుకునేటప్పుడు సైజు, పేజీలు, కాపీలు, లోపలి కాగితం, కవరు బోర్డు, లామినేషన్, బైండింగ్ ఏ రకం అన్నవన్నీ కాగితం మీద ఉండాలి. నోటిమాటకు పోతే చివర్లో మనసులు చెడుతాయి. ప్రెస్సువాళ్లూ మన ఊరివాళ్లే, రేపు మళ్లీ కలవాల్సినవాళ్లే.

ఎన్నికలప్పుడు కరపత్రాలు వేయించేవాళ్లకు, వేసే ప్రెస్సులకు ఒక చట్టం ఉంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో 127-ఏ సెక్షన్. కరపత్రం మీద, పోస్టర్ మీద ముద్రాపకుడి పేరు, చిరునామా, ప్రచురించేవారి పేరు, చిరునామా ఉండి తీరాలి. వేయించేవాళ్లు ఇద్దరు తెలిసినవాళ్ల సాక్షి సంతకాలతో డిక్లరేషన్ రెండు ప్రతులు ఇవ్వాలి. ప్రెస్‌వాళ్లు ఒక ప్రతిని అచ్చయిన కాగితంతో కలిపి జిల్లా మేజిస్ట్రేట్‌కు పంపాలి. తప్పితే ఆరు నెలలదాకా జైలు, లేదా రెండు వేలదాకా జరిమానా, లేదా రెండూ. రాత్రికి రాత్రి వేసివ్వమని కార్యకర్తలు వచ్చి నిలబడినప్పుడు చిన్న ప్రెస్సువాళ్లు ఇది మరిచిపోతారు, ఇరుక్కునేదీ వాళ్లే.

చివరగా ప్రూఫు. ప్రూఫు కాగితం మీద తీయించుకోండి, ఫోన్ తెర మీద చూసి 'ఓకే' అని మెసేజ్ పెట్టకండి. తెర మీద అక్షరం ఎంత పెద్దదైనా చేసుకోవచ్చు, కాగితం మీద ఎంత ఉంటుందో అంతే ఉంటుంది. రాసినవాడు తన రాతను చదవలేడు, తనకు గుర్తున్నదే చదువుకుంటూ పోతాడు. ఆ రాత్రి నేను చేసింది అదే. నాగర్‌కర్నూల్ అని నా మనసులో ఉంది, నా కన్ను దాన్నే చూసింది. అందుకే అప్పటినుంచి నా చేతి మీదుగా పోయే ప్రతి ప్రూఫునూ వేరొకరి చేత పైకి చదివిస్తాను, నేను పక్కన కూర్చొని అసలు ప్రతిలో చూసుకుంటాను. పేర్లు, ఊళ్లు, ఫోన్ నంబర్లు అక్షరం అక్షరం, అంకె అంకె విడిగా చదివిస్తాను. దీనికి పట్టేది పావుగంట. ప్లేటు ఎక్కిన తర్వాత అదే తప్పు దిద్దాలంటే మళ్లీ ప్లేటు, మళ్లీ కాగితం, మళ్లీ డబ్బు.

మాఘమాసం ముహూర్తాలు మొదలవగానే ప్రెస్సుల ముందు జనం నిలబడతారు. రెండు వారాలు ముందే వెళ్లండి. ప్రూఫు ఇంటికి తెచ్చుకొని, ఇంట్లో చదువు వచ్చిన పెద్దావిడ ఉంటే ఆమె చేత, లేకపోతే బడికిపోయే పిల్లల చేత గట్టిగా చదివించండి. వాళ్ల నోరు ఎక్కడ ఆగితే అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. అది దిద్దించాకే సంతకం చేయండి.